ఒకే వ్యక్తి అని ధ్రువీకరించడమైనది

శ్రీకాకుళంలో దస్తావేజులు రాసుకుని బతుకుతున్నాను. మా నాన్నదీ ఇదే పని. అమ్మకాలు, పంపకాలు, తనఖాలు, వీలునామాలు ఎలాగూ ఉంటాయి. ఈమధ్య మాత్రం నా బల్ల దగ్గరికి ఎక్కువగా వస్తున్నది వేరే రకం పని. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్కులో ఇంకో పేరు, రేషన్ కార్డులో మరో పేరు. ఏదో ఒక చోట పని ఆగిపోతుంది, "అఫిడవిట్ పట్టుకురండి" అంటారు, వాళ్లు నా దగ్గరికి వస్తారు. "సదరు రెండు పేర్లు గలవారు వేర్వేరు వ్యక్తులు కారనియు, ఒకే వ్యక్తి అనియు ఇందుమూలముగా ప్రమాణపూర్వకముగా తెలియజేయడమైనది" అని రాసి, స్టాంపు పేపరు మీద టైపు చేయించి, నోటరీ దగ్గరికి పంపిస్తాను. మాలో మేం దీన్ని ‘వన్ అండ్ సేమ్’ అంటాం.

బౌద్ధం చదవడం నాకు చాలాకాలంగా అలవాటు. పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ మాకు దగ్గర. కుర్రతనంలో సైకిళ్లేసుకుని వెళ్లేవాళ్లం. ఆ స్తూపాల గోడలు చూసి, ఇక్కడ ఉన్నవాళ్లు ఏం చదువుకున్నారు, ఏం మాట్లాడుకున్నారు అన్న కుతూహలంతో మొదలైన చదువు అది. అనాత్మ, అంటే మనిషిలో మారకుండా నిలిచే ఆత్మ ఏదీ దొరకదన్న మాట, ఎన్నిసార్లు చదివినా అది పుస్తకంలోనే ఉండిపోయేది. బుద్ధుడు చెప్పింది నా ఒంటికి పట్టింది మాత్రం ఈ అఫిడవిట్లు రాస్తుండగానే. ‘ఒకే వ్యక్తి’ అని రోజూ రాసేవాడు, ఒకే వ్యక్తి అంటే ఏమిటని ఎప్పుడో ఒకప్పుడు అడగక తప్పదు కదా.

పోయిన చలికాలంలో వంశధార అవతలి ఊరి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది, మనవణ్ణి వెంటబెట్టుకుని. వాళ్ల పేర్లు రాయను. ఆమెకి తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన కొంచెం మెట్ట భూమి ఉంది. ఆ దస్తావేజులో పుట్టింటి పేరు. కాపురానికి వచ్చాక అత్తగారిదీ అదే పేరని తేలింది. అత్తగారి పేరుతో కోడల్ని కేకేస్తే బాగోదని ఇంటిల్లిపాదీ కలిసి వేరే పేరు పెట్టేశారు. ఓటరు కార్డు నుంచి బ్యాంకు ఖాతా దాకా అన్నీ ఆ రెండో పేరు మీదే. భూమి మనవడి పేర రాద్దామనుకునే సరికి, దస్తావేజులో ఉన్న ఆడమనిషి ఎవరో, ఎదురుగా ఉన్న ఆడమనిషి ఎవరో తేలాల్సి వచ్చింది.

"ఏటి బావూ, పేరు మారితే మనిసి మారిపోతాదేటి? నాను నానే గదా. మళ్లీ ఈ కాయితం ఏటికి?" అంది ఆమె, కొంచెం కోపంగానే.

తప్పదు మామ్మా అని చెప్పి, వివరాలు సరిచూసుకోవడానికి పాత దస్తావేజు పైకి చదివాను. అంచులు చిరిగి, మడతల దగ్గర సిరా వెలిసిపోయి ఉంది. "నా కుమార్తెవైన నీ యందు నాకు గల ప్రేమాభిమానముల చేత" అన్న వాక్యం వచ్చింది. ఇలాంటి దస్తావేజుల్లో మేం అందరికీ రాసే మాటే అది. ఆమెకి చదువు రాదు. ఆ కాగితంలో తండ్రి తనతో అలా మాట్లాడాడని ఆమెకి ఇన్నేళ్లూ తెలియదు. "మళ్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. కాసేపు ఊరుకుని, "ఆ గుంట ఎప్పుడో పోనాది బావూ. ఆ గుంటే ఉంటే నానిలాగుంటానేటి" అంది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

నాను నానే గదా అన్న నోరే, ఆ గుంట ఎప్పుడో పోయిందనీ అంది. రెండూ మనస్ఫూర్తిగా అన్నవే. అఫిడవిట్‌లో మొదటి మాటకి చోటుంది, రెండో దానికి లేదు. బుద్ధుడి దగ్గర రెండింటికీ చోటుందని నాకు అప్పుడు అనిపించింది. అందుకే ఈ పోస్టు.

ముందు మా పనిలో సాక్ష్యం ఎలా కూడగడతామో చెబుతాను. ఈ మనిషి ఆ మనిషే అనడానికి నేను ఏం చూస్తాను? పాత కార్డులు, కొత్త కార్డులు, తండ్రి పేరు, భర్త పేరు, ఊరు, వయసు. టెన్త్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకైతే పుట్టుమచ్చలు. ఇద్దరు సాక్షులు, "ఈమెని మాకు చిన్నప్పటి నుంచి తెలుసు" అనేవాళ్లు. చివరికి వేలిముద్ర. ఇవన్నీ బల్ల మీద పరిచి చూస్తే, ఒక్కొక్కటీ ఆమె గురించినదే, ఏ ఒక్కటీ ఆమె కాదు. వేలిముద్ర ఒక్కటైనా ఒంటికి సంబంధించింది, మారనిది అనుకుంటాం. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూడండి. పిక్క తొక్కలోని నూనె పడి వేళ్ల చర్మం కాలి, ఊడిపోతూ ఉంటుంది. మెషీన్ మీద వేలు పెడితే గీతలు పడవు. ముసలివాళ్లకీ అంతే. మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటుంది, మెషీన్ మాత్రం గుర్తుపట్టలేనంటుంది.

బుద్ధుడు కూడా ఇలాగే ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. సారనాథ్‌లో మొదటి ఐదుగురు శిష్యులకి ఇచ్చిన రెండో ఉపదేశం ఇదే. మనిషి అంటున్నదాన్ని ఐదు కుప్పలుగా, అంటే ఐదు స్కంధాలుగా విడదీశాడు: ఒళ్లు అంటే రూపం, సుఖదుఃఖాల అనుభవం అంటే వేదన, ఇది ఫలానా అని గుర్తుపట్టే సంజ్ఞ, అలవాట్లూ సంకల్పాలూ కలిసిన సంస్కారాలు, తెలివిడి అంటే విజ్ఞానం. ఒక్కోదాని దగ్గరా ఆగి ఒకే పరీక్ష పెట్టాడు. ఇది నిజంగా నీ ఆత్మే అయితే నీకు బాధ తెచ్చిపెట్టకూడదు కదా, ‘నా ఒళ్లు ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు’ అంటే వినాలి కదా అన్నాడు. వినదు. ఒళ్లూ వినదు, మనసూ వినదు. కాబట్టి ఇది నాది కాదు, ఇది నేను కాను, ఇది నా ఆత్మ కాదు.

దస్తావేజులు రాసేవాడికి ఈ పరీక్ష వెంటనే అర్థమవుతుంది. అమ్మకం దస్తావేజులో "దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో" అని రాస్తాం. హక్కుదారు అంటే ఆ ఆస్తి మీద తన మాట చెల్లేవాడు. బుద్ధుడు అడిగింది సరిగ్గా అదే, నీ మాట చెల్లుతోందా అని. వైశాలిలో సచ్చకుడని పెద్ద వాది ఉండేవాడు. తన వాదం ముందు రాతి స్తంభమైనా వణుకుతుందని చెప్పుకునేవాడు. రూపమే నా ఆత్మ, వేదనే నా ఆత్మ అని వాదించాడు. బుద్ధుడు అతన్ని, కోసల రాజు ప్రసేనజిత్తుకి తన రాజ్యంలో శిక్షించే అధికారం, వెళ్లగొట్టే అధికారం ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాడు సచ్చకుడు. మరి నీ రూపం మీద నీకు అలాంటి అధికారం ఉందా అని అడిగేసరికి నోరు పెగల్లేదు. వాదంలో ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చే ముసలివాళ్లని రోజూ చూస్తాను కనుక, ఆ ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో నాకు తెలుసు.

ఇక్కడే చాలామంది జారిపోతారు. అంటే మనిషే లేడనా? అలా ఎక్కడా అనలేదు. వచ్ఛగోత్రుడనే సన్యాసి వచ్చి ఆత్మ ఉందా అని అడిగాడు. బుద్ధుడు పలకలేదు. లేదా అని అడిగాడు. అప్పుడూ పలకలేదు. అతను లేచి వెళ్లిపోయాక శిష్యుడు ఆనందుడు ఎందుకలా చేశారని అడిగితే, లేదని చెబితే ఇప్పటికే తికమకలో ఉన్న ఆ మనిషి, ఇంతకుముందు నాకున్న ఆత్మ ఇప్పుడు లేకుండా పోయిందే అని మరింత గాభరా పడతాడన్నాడు. ఉన్నది పోయిందని చెప్పడం బుద్ధుడి ఉద్దేశం కాదు. ముసలమ్మకి నేను తత్వం చెప్పలేదు. చెప్పకపోవడమే సరైన పని అనుకుంటున్నాను.

మరి ఏ ఆత్మా లేకపోతే ముసలమ్మ "నాను నానే" అనడంలో నిజమెక్కడ? ఈ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు మిలిందపన్హలో ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండరు. బౌద్ధులు అతన్ని మిలిందుడన్నారు. అతని నగరం సాగల, అంటే ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ అని చెబుతారు. ఆ రాజుకీ భిక్షువు నాగసేనుడికీ మధ్య ప్రశ్నోత్తరాలే ఆ గ్రంథం. రథం ఉదాహరణ అందరికీ తెలుసు: చక్రం రథం కాదు, ఇరుసు రథం కాదు, అన్నీ కూడితే వచ్చే పేరే రథం, అలాగే నాగసేనుడనేదీ ఒక పేరే. ఎక్కడ బౌద్ధం గురించి రాసినా ఈ రథాన్నే లాక్కొస్తారు. నన్ను పట్టుకున్నది అది కాదు, దాని తర్వాత వచ్చే తగాదాలు.

రాజు సందేహం న్యాయమైనదే. మళ్లీ పుట్టేవాడు వీడు కాకపోతే, చేసిన పాపం నుంచి తప్పించుకున్నట్టే కదా? నాగసేనుడు సిద్ధాంతం చెప్పలేదు, తగువులు తెచ్చి రాజు ముందు పెట్టి తీర్పు చెప్పమన్నాడు. ఒకడు మామిడిపళ్లు దొంగిలించాడు. పట్టుకుంటే, "ఇతను నాటిన టెంకలు వేరు, నేను కోసిన పళ్లు వేరు" అన్నాడు. ఇంకొకడు చలికి మంట వేసుకుని ఆర్పకుండా వెళ్లిపోయాడు, పక్కవాడి చేను తగలబడింది. "నేను వేసిన మంట వేరు, చేను కాల్చిన మంట వేరు" అన్నాడు. ఇంకొకడు చిన్నపిల్లని ఓలి, అంటే కన్యాశుల్కం ఇచ్చి ఖాయం చేసుకుని ఊరెళ్లాడు. పిల్ల పెద్దదయ్యాక వేరొకడు ఓలి ఇచ్చి పెళ్లాడాడు. మొదటివాడు తిరిగొచ్చి నిలదీస్తే, "నువ్వు ఓలి ఇచ్చిన చిన్నపిల్ల వేరు, నేను చేసుకున్న పడుచు వేరు" అన్నాడు. మరొకడు గొల్లవాడి దగ్గర కుండెడు పాలు కొని అక్కడే ఉంచి వెళ్లాడు. మర్నాటికి తోడుకుంది. "నేను పెరుగు కొనలేదు, నా పాలు నాకివ్వు" అని పేచీ.

ప్రతిసారీ రాజు తీర్పు ఒకటే. వాడేమన్నా సరే, ఇది దానిలోంచి వచ్చిందే కాబట్టి బాధ్యత తప్పదు.

ఇవి చదువుతుంటే ఏ కోర్టు వరండాలోనో కూర్చున్నట్టుంటుంది నాకు. టెంక పండులో ఎక్కడా కనపడదు. పెరుగులో పాలు వెతికితే దొరకవు. రెండింట్లోనూ మారకుండా ఉన్న పదార్థమేదో చూపించమని రాజు అడగలేదు. దేనిలోంచి ఏది వచ్చిందో ఆ లంకె తెగలేదని చూశాడు, అంతే. నేను అఫిడవిట్ కోసం చూసేదీ అదే. పుట్టింటి దస్తావేజు నుంచి పెళ్లికి, పెళ్లి నుంచి అత్తింటి పేరుకి, అక్కడి నుంచి ఈ ఆధార్‌కి మధ్యలో తెగకుండా లంకె ఉంటే చాలు. ఆత్మని చూపించమని ఏ రిజిస్ట్రారూ అడగడు.

అంతకుముందే నాగసేనుడు దీపం మాట చెప్పాడు. రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాములోని మంట, నడిజాములోని మంట ఒకటేనా? కాదు. మరి మూడు జాములకి మూడు దీపాలా? అదీ కాదు. పసివాడు పెద్దవాడైతే వాడేనా వేరొకడా అన్న ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు "వాడూ కాదు, వేరొకడూ కాదు" అని. మొదటిసారి చదివినప్పుడు ఇది మాట దాటవేయడమనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు. ముసలమ్మ నోట అదే మాట నేనే విన్నాను.

ఇంకో మనిషి సంగతి చెప్పాలి. తీరప్రాంతపు ఊరివాడు. గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసి వచ్చేవాడు. ఒకప్పుడు విపరీతంగా తాగేవాడు. ఆ రోజుల్లోనే ఊళ్లో ఒకాయన దగ్గర ప్రోనోటు మీద డబ్బు తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో, ఎలా ఖర్చయిందో తనకే గుర్తులేదు. తర్వాత తాగుడు మానేశాడు. ప్రోనోటు రాసి మూడేళ్లు దాటితే, మధ్యలో చెల్లు పడకపోతే, కాలదోషం పడుతుంది. కోర్టుకెళ్లినా వసూలు కాదు. అతని నోటుకి ఆ గడువు దాటిపోయింది. నువ్వు కట్టక్కర్లేదని అతనికి చెప్పినవాళ్లున్నారు. అతను అప్పిచ్చినాయనని వెంటబెట్టుకుని, డబ్బు సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు, చెల్లు రసీదు రాయమని.

"అప్పు నాదే బావూ. ఆ తాగినోడ్ని మాత్రం నాను కాదు" అన్నాడు.

రసీదు రాస్తుంటే నా చెయ్యి ఆగింది. ఆ మాటలో రెండు సగాలూ ఎంత నిలకడగా ఉన్నాయో చూడండి. నేను మారిపోయాను కాబట్టి అప్పు నాది కాదనలేదు. అప్పు నాదే కాబట్టి నేనింకా ఆ తాగుబోతునేననీ ఒప్పుకోలేదు. అనాత్మ అంటే బాధ్యత ఎగ్గొట్టడానికి దారి కదా అని నన్ను అడిగేవాళ్లకి ఈ మనిషిని చూపించాలనిపిస్తుంది. లోపల మారని ఆత్మ ఒకటుందంటేనే నాకు భయం. తాగినవాడు ఎప్పటికీ తాగుబోతే, తప్పు చేసినవాడు ఎప్పటికీ దోషే. అలా లేదు కాబట్టే మారడానికి వీలైంది, లంకె తెగలేదు కాబట్టే అప్పు తీర్చాల్సి వచ్చింది.

బౌద్ధుల్లోనే దీనితో తృప్తిపడనివాళ్లు ఉన్నారు. శాలిహుండం కొండెక్కినప్పుడల్లా వాళ్లు గుర్తొస్తారు. గిడుగు రామమూర్తి గారు 1919లో ఈ చోటుని లోకానికి చూపించారు. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచింది. అంతకాలంలో ఎంత మారిందో అక్కడే కనిపిస్తుంది. ఒకప్పుడు స్తూపానికి ప్రదక్షిణ చేసిన కొండ మీదే ఆఖరి రోజుల్లో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు వెలిశాయి. మొదటి భిక్షువు తిరిగొస్తే ఆ విగ్రహాలని గుర్తుపట్టేవాడా? అయినా మధ్యలో ఎక్కడా తెంపు లేకుండా గురువు నుంచి శిష్యుడికి వచ్చిందే అదంతా. ఆ రాతిమెట్ల మీద కూర్చుని, కింద వంశధారని చూస్తూ, ఈ కొండ మీద ఎన్ని వాదాలు నడిచుంటాయో అనుకుంటాను.

తెలుగు నేలకి ఆ వాదాల్లో పెద్ద చోటే ఉంది. కథావత్థు అని పాలీలో ఒక వాదగ్రంథం ఉంది. అశోకుడి కాలంలో పాటలీపుత్రంలో జరిగిన మూడో సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, మొగ్గలిపుత్త తిస్సుడు చెప్పాడని సంప్రదాయం. పూర్వశైలులు, అపరశైలులు లాంటి ఇక్కడి శాఖల్ని దాని వ్యాఖ్యానం ‘అంధకులు’ అని కలిపి పిలుస్తూ, వాళ్ల అభిప్రాయాలెన్నో పేర్కొంటుంది. ఆ గ్రంథంలో మొట్టమొదటి వాదం, అన్నిటికన్నా పొడవైనది, ‘పుద్గలుడు’ అంటే వ్యక్తి ఉన్నాడా లేడా అన్నదే. ఉన్నాడన్నవాళ్లు వాత్సీపుత్రీయులు, సమ్మితీయులు అనే బౌద్ధ శాఖలవాళ్లు. ఐదు స్కంధాలూ వ్యక్తి కాదు, వాటిని విడిచి వేరే వ్యక్తీ లేడు, కట్టెని పట్టుకుని నిప్పు ఉన్నట్టు స్కంధాలని పట్టుకుని వ్యక్తి ఉన్నాడు, ఇంతకుమించి చెప్పలేమన్నారు. బుద్ధుడి మాటే సాక్ష్యంగా తెచ్చారు. ఐదు స్కంధాలు బరువు, మోసేవాడు ‘ఫలానా పేరు, ఫలానా గోత్రం గల ఆయుష్మంతుడు’ అని ఒక సూత్రంలో ఉంది. నా అఫిడవిట్‌లో మొదటి పంక్తి అచ్చం ఇలాగే మొదలవుతుంది. ఆ సూత్రం చదివిన రోజు నాకు వాళ్ల మీద ప్రేమ పుట్టింది. బరువు మోసేవాడికి కనీసం ఒక పేరైనా ఉండాలని పట్టుబట్టినవాళ్లు వాళ్లు.

బౌద్ధ పండితుడు వసుబంధుడు తన అభిధర్మకోశం అనే గ్రంథంలో తొమ్మిదో అధ్యాయం చాలా భాగం వాళ్లని ఖండించడానికే కేటాయించాడు. పేరూ గోత్రమూ అంటే వ్యవహారం కోసం పెట్టుకున్నవే, అవి ఉన్నంత మాత్రాన లోపల ఒక వస్తువున్నట్టు కాదంటాడు. నా బుద్ధి వసుబంధుడి వైపే మొగ్గుతుంది. ఒక్క చోట మాత్రం ఆగుతాను. అది బౌద్ధుల మాట కాదు, నైయాయికుల మాట, అంటే ఆత్మ ఉందని వాదించే న్యాయదర్శనం వాళ్ల మాట.

న్యాయసూత్రాల మూడో అధ్యాయం మొదట్లోనే ఉంది: కంటితో చూసిన దాన్నే చేత్తో ముట్టుకున్నానని గుర్తుపడుతున్నాం కాబట్టి, చూసినవాడూ ముట్టుకున్నవాడూ ఒక్కడే అయ్యుండాలి అని. దీన్ని నేను నా పనిలోకి తెచ్చుకుని చూస్తాను. సాక్షి అంటే తాను చూసింది చెప్పేవాడు. వేరొకడు చూసింది విని వచ్చి చెబితే కోర్టు తీసుకోదు. మరి చూసిన క్షణంలోని మనసు అప్పుడే పోయి, బోనెక్కి చెబుతున్నది ఇంకో మనసైతే, లోకంలో ప్రతి సాక్ష్యమూ విన్న మాటే అవుతుంది కదా? వసుబంధుడి జవాబు బలమైనదే. దేవదత్తుడు చూసింది యజ్ఞదత్తుడికి గుర్తురాదు, ఎందుకంటే వాళ్ల మనసుల మధ్య కార్యకారణ సంబంధం లేదు. ఒకే వరసలో మాత్రం, చూసిన మనసే తన తర్వాతి మనసులకి ఆ విత్తనాన్ని అందిస్తూ వస్తుంది, ఆ విత్తనం పండడమే జ్ఞాపకం. విన్న మాటకీ దీనికీ తేడా ఉందని ఒప్పుకుంటాను. కానీ ‘నేను చూశాను’ అనేటప్పుడు సాక్షి గొంతులో ఉండే ఆ గట్టిదనం ఇందులో పూర్తిగా ఇమిడిందా అంటే ఇంకా అవునని అనలేను. నైయాయికుడైన ఉదయనాచార్యుడు బౌద్ధులని ఖండిస్తూ ఆత్మతత్త్వవివేకం రాశాడు. దాన్ని మెల్లగా చదువుతున్నాను. మీలో న్యాయదర్శనం చదివినవాళ్లుంటే నాకు సాయం చెయ్యండి.

ఈ వాదాలన్నీ ఒక ఎత్తు, ఖేమకుడి సూత్రం ఒక ఎత్తు. పాలీ సూత్రాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు తిరగేసింది దాన్నే.

కౌశాంబిలో ఖేమకుడనే భిక్షువు జబ్బుపడి బదరికారామంలో ఉన్నాడు. ఘోషితారామంలోని పెద్ద భిక్షువులు దాసకుడనే అతన్ని, ఎలా ఉందో కనుక్కురమ్మని పంపారు. నొప్పి తగ్గడం లేదు, పెరుగుతోందని కబురొచ్చింది. మళ్లీ పంపారు: ఐదు స్కంధాల్లో దేన్నైనా ఆత్మ అనుకుంటున్నావా? లేదు. అయితే నువ్వు అర్హంతుడివి, అంటే పూర్తిగా విముక్తుడివన్నమాట? కాదు. ఐదింట్లో దేన్నీ ‘ఇది నేను’ అనుకోవడం లేదు, అయినా ‘నేను’ అన్నది నాలో పోలేదు. ఆ ‘నేను’ ఏమిటో చెప్పమని దాసకుణ్ణి మళ్లీ పంపారు. ఈ పరుగులు చాలు, నా కర్ర తెచ్చివ్వు అని ఖేమకుడు ఆ నొప్పితోనే లేచి, కర్ర పట్టుకుని వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లాడు.

అక్కడ ఆయన చెప్పినది ఇది. తామర పువ్వు వాసన రేకులదనాలా, రంగుదనాలా, కేసరాలదనాలా? పువ్వుది అంటాం. ‘నేను’ అన్నదీ అలాగే, రూపంలో ఉందనో వేదనలో ఉందనో విడిగా చూపించలేను, అన్నిటి మీదా ఉంది. మురికిబట్టని చాకలికి వేస్తే చవుడు మన్నుతో, క్షారంతో, పేడతో రుద్ది, మంచినీళ్లలో జాడిస్తాడు. మురికి పోతుంది. ఆ చవుడు వాసన మాత్రం బట్టలో ఉండిపోతుంది. తీసుకెళ్లి పరిమళం పట్టిన పెట్టెలో పెడితే కొన్నాళ్లకి అదీ పోతుంది. ఆత్మ ఉందన్న తప్పు అభిప్రాయం పోయిన తర్వాత కూడా ‘నేను’ అన్న ఆ సన్నని వాసన మిగులుతుంది, స్కంధాలు ఎలా పుడుతున్నాయో ఎలా పోతున్నాయో చూస్తూ చూస్తూ ఉంటే అదీ పోతుంది.

చెబుతూ ఉండగానే ఆయనా, వింటున్న అరవైమంది పెద్దలూ విముక్తులయ్యారని సూత్రం అంటుంది. మురికి పోగొట్టిన చవుడే వాసన వదిలిపెట్టిందని ఆయన చూశాడు చూడండి, అక్కడ నేను చాలాసేపు ఆగిపోతాను. ఇన్నేళ్ల నా చదువు కూడా ఆ చవుడు లాంటిదే. ఆత్మ లేదని నాకు తెలుసు అన్న మాటలో ‘నాకు’ ఎంత బలంగా ఉందో!

అందుకని ఈమధ్య బల్ల సొరుగులో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. ‘నేను’ గట్టిగా లేచి నిలబడిన చోట్లు మాత్రం అందులో రాస్తాను. పెద్ద విషయాలేం ఉండవు. నిన్నటి పేజీలో ఉన్నవి: పక్క బల్లవాడు రాసిన హద్దుల వివరంలో తప్పు నా కంటపడగానే లోపల కలిగిన తృప్తి. ఎవరో నా అక్షరాలు అచ్చం మా నాన్న అక్షరాల్లా ఉన్నాయనగానే పొంగిన గుండె. మధ్యాహ్నం ఒక దస్తావేజు వెనక్కొచ్చినప్పుడు, కారణం చదవకముందే చెవులు వేడెక్కడం.